నీలం స్క్రీన్, మూడు ఛాన్సులు

"ప్లగ్గు పీకింది మీరేనా?"

ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట ఇదే. ఉద్యోగంలో చేరి అప్పటికి మూడో రోజు. బల్ల కింద దూరి వైర్ల మీద పేర్ల చీటీలు అంటిస్తున్నాను. నా చేతిలో ఒక ప్లగ్గు ఉంది. ఫ్యాన్‌ది అనుకుని లాగాను.

"ఇది... ఫ్యాన్‌ది కాదాండీ?"

"కాదండీ. పదకొండు గంటలుగా నా మెషీన్ ఒకే ఒక్క సీను తయారు చేస్తోంది. ఇంకో ఇరవై నిమిషాల్లో అయిపోయేది."

గబుక్కున లేవబోయి బల్లకి తల కొట్టుకున్నాను. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నా తల వైపోసారి, ప్లగ్గు వైపోసారి చూసి, "ముందు మంచినీళ్ళు తాగండి, చేతులు వణుకుతున్నాయి" అంది.

మర్నాటికల్లా నేను కూర్చునే సర్వర్ గది తలుపు మీద ఒక కార్టూన్ వెలిసింది. జుట్టు నిక్కబొడుచుకుని, రెండు చేతుల్లో రెండు ప్లగ్గులతో నేను. కింద ‘కంగారు గారు’ అని రాసి ఉంది. ఆ రోజు నుంచి ఆఫీసులో నా అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు.

ఆ పేరు నాకు సరిగ్గా సరిపోయిందని ఒప్పుకోవాలి. నేను పుట్టుకతోనే పిరికివాణ్ణి. ఫోన్ మోగితే ముందు గుండె అదురుతుంది, ఆ తర్వాతే చెయ్యి కదులుతుంది. చెడ్డ వార్త ఏదైనా నా నోటి నుంచి బయటికి రావాలంటే వారం పడుతుంది.

మాది చిన్న యానిమేషన్ స్టూడియో. మందుల షాపు పైన, మూడో అంతస్తులో నాలుగు గదులు, ఆరు కంప్యూటర్లు. అన్నీ విండోస్ కాకుండా లినక్స్ అనే సిస్టమ్ మీద నడిచేవే. వాటికి జ్వరమొచ్చినా జలుబు చేసినా చూడాల్సింది నేను. స్టూడియో యజమాని ఆమెకి స్వయానా మేనమామ. ఆయన్ని మేము సార్ అంటాం, ఆమెని మేడమ్ అంటాం. ఆఫీసు మొత్తానికి మేడమ్ ఆమె ఒక్కతే.

సబ్బుల ప్రకటనలకీ పళ్ళపొడి ప్రకటనలకీ బొమ్మలు చేసి సార్ స్టూడియో నడుపుతున్నారు. ఆమెకేమో సొంత కథ తీయాలని కోరిక. తొమ్మిదో అంతస్తులో కాపురముంటూ, లిఫ్టులో పట్టక నానా అవస్థా పడే ఏనుగు కథ. పద్నాలుగు నెలలుగా, ప్రకటనల పని ముగిశాక మిగిలిన వేళల్లో, ఆ ఏనుగును ముడత ముడతగా చేస్తూ వచ్చింది. పని చేసేటప్పుడు ఎవరితోనూ మాట్లాడదు. ఏనుగు ఎప్పుడైనా తను అనుకున్నట్టు తొండం కదిపితే మాత్రం, తనలో తను నవ్వుకుంటుంది.

ఆ నవ్వు సర్వర్ గది అద్దంలోంచి కనబడుతుంది. ఎనిమిది నెలలుగా నాకు జీతం కంటే అదే ముఖ్యమైపోయింది. ఆ మాట ఆమెతో చెప్పే ధైర్యం ఎక్కడ దొరుకుతుందో తెలియక రోజులు నెట్టుకొస్తున్నాను.

ఆ శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఒక టీవీ ఛానల్ వాళ్ళు ఏనుగును చూడడానికి రావాలి. వాళ్ళకి వీడియో వద్దట. ఫైలే తెరిచి, ఏనుగును అటూ ఇటూ తిప్పి, నడిపించి చూపించాలట. నచ్చితే పదమూడు భాగాలు. నచ్చకపోతే ఏమిటో సార్ ముందే చెప్పేశారు.

"ఇదే ఆఖరు అమ్మాయ్. వాళ్ళు కాదంటే ఏనుగును పక్కన పెట్టేసి పళ్ళపొడి చూసుకుందాం."

బొమ్మల్ని స్క్రీన్ మీద కదిలించే పాత గ్రాఫిక్స్ కార్డు మీద ఏనుగు నత్తి నత్తిగా నడిచేది. కొత్త కార్డు ముందు రోజే వచ్చింది. పదకొండింటికి దాన్ని బిగించి, డ్రైవర్ ఎక్కించడానికి కూర్చున్నాను. ఆమె నా కుర్చీ వెనకే నిలబడింది.

"డ్రైవర్ అంటే ఏంటో నాకర్థమయ్యేట్టు చెప్పండి."

"కార్డుకి కంప్యూటర్ మాట రాదండీ. కంప్యూటర్‌కి కార్డు మాట రాదు. మధ్యలో దుబాసీ అన్నమాట."

"దుబాసీని పెట్టడానికి గంటా?"

"పాత దుబాసీని ముందు సాగనంపాలి కదండీ. ఇద్దరూ ఉన్నారంటే ఒకరి మీద ఒకరు మాట్లాడి స్క్రీన్ నల్లబడిపోతుంది."

"నల్లబడితే?"

"నల్లబడదండీ" అన్నాను. నల్లబడిన స్క్రీన్లు నేను చాలా చూశాను.

పాతది పోయింది, కొత్తది ఎక్కింది. చివర్లో ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడిగింది. ఇదెందుకని ఆమె అడగకముందే చెప్పాను.

"మెషీన్ మొదలయ్యేటప్పుడు గేటు దగ్గర ఒక వాచ్‌మన్ ఉంటాడండీ. ముక్కూ మొహం తెలియని డ్రైవర్‌ని లోపలికి రానివ్వడు. ఇప్పుడో పాస్‌వర్డ్ ఇస్తాం. రీస్టార్ట్ కాగానే నీలం స్క్రీన్ ఒకటొస్తుంది. అక్కడ ఇదే పాస్‌వర్డ్ కొడితే, వీడు మనవాడే అని రాసుకుంటాడు. పది సెకన్లలో మనం ఏదీ నొక్కకపోతే వెళ్ళిపోతాడు. అప్పుడు మొదటినుంచీ చేసుకోవాలి."

"పాస్‌వర్డ్ ఎన్నిసార్లు అడుగుతాడు?"

"ఈ ఒక్కసారికే. ఆ తర్వాత దాంతో పనే లేదు."

ఒక్కసారికే కదా, నేనే పెట్టి నేనే కొడతాను కదా అన్న ధీమా. నా వేళ్ళు వాటంతట అవే, ఎన్నాళ్ళనుంచో మనసులో తిరుగుతున్న మూడు మాటలు కొట్టేశాయి. అవేమిటో మరో మూడు గంటల్లో ఒక బస్సు మొత్తానికి తెలిసిపోయాయి. మీకూ అక్కడే చెప్తాను.

"ఏం కొట్టారు?"

"ఊరికే ఏదో."

"ఊరికే కొట్టినదానికి చెవులెందుకు ఎర్రబడ్డాయి?"

నేను నీళ్ళు నమిలాను. అదృష్టవశాత్తూ అప్పుడే నా ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. అదృష్టం అని అప్పుడనుకున్నాను.

ఆ మెసేజ్ కొరియర్ ఆఫీసు నుంచి. ఇక్కడ నా పాపం ఒకటి చెప్పుకోవాలి. మా స్టూడియో ఫైళ్ళన్నీ రోజూ ఇంకో నకలు తీసి దాచే పెట్టె ఒకటి సర్వర్ గదిలో ఉంది. మూడు వారాల కిందట ఒక సోమవారం పొద్దున దాని డిస్క్ చచ్చిపోయింది. అందులో ఉన్న నకళ్ళన్నీ దాంతోపాటే పోయాయి. పెట్టె ముందు ఎర్ర లైటు వెలగడం మొదలైంది. ఆ లైటు చూసి నేను చేసిన పని, దాని మీద నల్ల టేపు ముక్క అంటించడం.

కొత్త డిస్క్ తెప్పించి, ఎవరికీ తెలియకుండా పెట్టేసి, మళ్ళీ నకలు తీసేస్తే సరిపోతుందనుకున్నాను. డిస్క్ రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అంటూ మూడు వారాలు గడిచిపోయాయి. సార్ ప్రతి సోమవారం అడిగేవారు, బ్యాకప్ బాగుందా అని. బాగుంది సార్ అనేవాణ్ణి. ఆమె రోజూ ఇంటికెళ్ళే ముందు అడిగేది. బాగుందండీ అనేవాణ్ణి.

డిస్క్ వచ్చింది, ఒంటిగంటన్నర లోపు వచ్చి తీసుకెళ్ళమని మెసేజ్. వెళ్ళకపోతే మళ్ళీ సోమవారమే.

"పెద్ద స్క్రీన్‌కి కేబుల్ ఒకటి తక్కువైందండీ. గంటలో వచ్చేస్తాను" అన్నాను.

"రీస్టార్ట్ చెయ్యమంటారా ఈలోపు?"

"వద్దండీ, అస్సలు ముట్టుకోవద్దు. నేనొచ్చాకే."

ఆమె తలూపింది. కిటికీ బయట అప్పుడే మబ్బు పడుతోంది. "గొడుగు పట్టుకెళ్ళండి" అని తన గొడుగు ఇచ్చింది. అబద్ధం చెప్పి, ఆమె గొడుగే వేసుకుని బయల్దేరాను.

డిస్క్ అయితే చేతికొచ్చింది. తిరుగు బస్సెక్కేసరికి వాన కుండపోతగా పడుతోంది. రెండు స్టాపులు దాటాక బస్సు ఆగిపోయింది. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు. డ్రైవర్ ఇంజను ఆపి కాళ్ళు చాపుకున్నాడు. నేను డిస్క్‌ను చొక్కా లోపల పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీట్లో అరవై ఏళ్ళ పెద్దావిడ ఒకరు.

రెండూ నలభైకి ఫోన్ మోగింది. సార్.

"ఏవయ్యా, ఎక్కడున్నావు?"

"బస్సులో సార్. రోడ్డంతా నీళ్ళు..."

"ఇక్కడ కొంప మునిగింది. కరెంటు పోయి వచ్చింది. అమ్మాయి మెషీన్ దానంతటదే ఆన్ అయి నీలం స్క్రీన్ ఒకటి పెట్టింది. వైరస్ అనుకుని వెంటనే స్విచ్ కట్టేశాను. మంచి పని చేశానా?"

పై ప్రాణాలు పైనే పోయి, సగం మళ్ళీ తిరిగొచ్చాయి. పది సెకన్లు నిండకముందే కట్టేశారంటే వాచ్‌మన్ ఇంకా గేటు దగ్గరే ఉన్నట్టు.

"చాలా మంచి పని చేశారు సార్. ఇక దాన్ని ముట్టుకోకండి. నేనొచ్చి..."

"నువ్వొచ్చేదాకా ఎవరాగుతారయ్యా? ఛానల్ వాళ్ళు మూడున్నరకే వచ్చేస్తున్నామని ఫోన్ చేశారు. అందుకే కింద బాబాయిని పిలిచాను. వచ్చేశాడు, పెన్‌డ్రైవ్ తీస్తున్నాడు."

కింద బాబాయి అంటే మందుల షాపు పక్కన కంప్యూటర్లు బాగుచేసే ఆయన. వీధంతా ఆయన్ని ఫార్మాట్ బాబాయ్ అంటారు. మౌస్ పని చెయ్యట్లేదని తీసుకెళ్ళినా సరే, ఆయన దగ్గర ఉన్న మందు ఒకటే. డిస్క్ మొత్తం తుడిచేసి మళ్ళీ మొదటినుంచీ ఎక్కించడం.

"సార్, ఫార్మాట్ వద్దు. చాలా టైమ్ పడుతుంది."

"పది నిమిషాలు బాబూ" అంది వెనకనుంచి బాబాయి గొంతు. ఫోన్ స్పీకర్‌లో ఉంది.

"ఆయనకి లినక్స్ అలవాటు లేదు సార్."

"అలవాటు లేనిదాన్ని ఉంచడమెందుకు? తీసేసి అలవాటున్నదే వేస్తాను."

"మరి ఏనుగు సార్?"

"ఏనుగుకేమైందయ్యా? ప్రతి సోమవారం బ్యాకప్ బాగుందంటావుగా. అందులోంచి తీసుకుంటాం. కానివ్వు బాబాయ్."

ఇంకో అబద్ధం కోసం వెతికాను. లైను సరిగా లేనట్టు నటిస్తే? ఫోన్ కట్ చేసేస్తే? ఒక్క క్షణం నిజంగానే ఆలోచించాను. కట్ చేస్తే ఇక నన్ను ఎవరూ ఏమీ అడగరు. కానీ ఏనుగు ఉండదు. పద్నాలుగు నెలల ముడతలూ పది నిమిషాల్లో పోతాయి. సర్వర్ గది అద్దంలోంచి నాకు కనబడే మొహం అప్పుడెలా ఉంటుందో ఊహించుకున్నాను. నా ఉద్యోగం పోతుందన్న భయం కంటే ఆ భయం పెద్దది.

"సార్, బ్యాకప్ లేదు."

"ఏంటి?"

"మూడు వారాల నుంచి లేదు సార్. పెట్టెలో డిస్క్ పోయింది. ఎర్ర లైటు కనపడకుండా నేనే టేపు అంటించాను. ఇప్పుడు బయటికొచ్చింది కేబుల్ కోసం కాదు, కొత్త డిస్క్ కోసం. ఏనుగు ఆ మెషీన్‌లోనే ఉంది. ఇంకెక్కడా లేదు. దయచేసి ఫార్మాట్ చెయ్యనివ్వకండి."

ముందు బాబాయి గొంతు చాలా మెల్లగా, "అయితే నేను చెయ్యి పెట్టను సార్" అంది. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకున్న చప్పుడు కూడా వినపడినట్టే అనిపించింది.

ఆ తర్వాత ఆమె మాట్లాడింది.

"మూడు వారాలా?"

"అవునండీ."

"నేను రోజూ వెళ్ళేటప్పుడు అడిగేదాన్ని."

"అవునండీ."

"మీరు బాగుందనేవారు."

"అవునండీ."

"సరే. ఆ సంగతి తర్వాత మాట్లాడతాను. ముందు నీలం స్క్రీన్‌కి ఏం చెయ్యాలో చెప్పండి. నేనే చేస్తాను."

గొంతులో వణుకు లేదు, కోపం కూడా లేదు. ఆ నిబ్బరం వింటుంటే నాకు ఇంకా భయమేసింది. మెషీన్ ఆన్ చెయ్యమన్నాను. నీలం రాగానే ఏదో ఒక మీట నొక్కమన్నాను. బాణం మీటతో రెండో వరుసకి దిగి ఎంటర్ కొట్టమన్నాను. ఒక్కొక్కటీ చెప్పినట్టే చేసింది.

"నమోదు చెయ్యాలా అని అడుగుతోంది."

"అవును అనండి."

"పాస్‌వర్డ్ అడుగుతోంది. చెప్పండి."

ఇంతసేపూ నాకు అది గుర్తే లేదు.

"ఉన్నారా?"

"ఉన్నానండీ. మూడు ఛాన్సులే ఉంటాయి. కొట్టేటప్పుడు స్క్రీన్ మీద ఏమీ కనపడదు. మూడూ తప్పితే మళ్ళీ మొదటినుంచీ చేసుకోవాలి, గంట పడుతుంది."

"గంట లేదు మనకి. చెప్పండి."

"స్పీకర్ తీసేస్తారా?"

"రెండు చేతులూ కీబోర్డ్ మీద ఉన్నాయి. మామయ్య ఫోన్ పట్టుకున్నాడు. ఏమైందండీ మీకు?"

కళ్ళు మూసుకున్నాను. "అన్నీ చిన్న అక్షరాలే. ఎమ్. ఏ. డి. ఏ. ఎమ్."

"నన్ను పిలుస్తున్నారా, పాస్‌వర్డ్ చెప్తున్నారా?"

"పాస్‌వర్డేనండీ. ఎన్. ఏ. వి. ఇంకో వి. యు."

అవతల ఆమె వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. పక్క సీటు పెద్దావిడ నా వైపు పూర్తిగా తిరిగి కూర్చుంది.

"తర్వాత?"

"సి. హెచ్. ఏ. ఎల్. యు."

ఎంటర్ కొట్టిన చప్పుడు. "తప్పంది" అంది ఆమె.

"ఏవయ్యా, ఉండు. నేను కాయితం మీద రాసుకుంటాను, మళ్ళీ చెప్పు" అన్నారు సార్.

నాకు బస్సు కిటికీలోంచి దూకేయాలనిపించింది. నీళ్ళు మోకాలి లోతే ఉన్నాయి కాబట్టి లాభం లేదు. పదిహేను అక్షరాలూ మళ్ళీ చెప్పాను. సార్ ఒక్కొక్కటీ పైకి అంటూ రాశారు. రాయడమయ్యాక, ఏ కాయితమైనా ఒకసారి చదివి చూసుకోవడం ఆయనకి అలవాటు.

"మేడమ్... నవ్వు... చాలు" అని చదివారు.

ముందు సీట్లో ఇద్దరు వెనక్కి తిరిగారు. పెద్దావిడ చెయ్యి చెంపకి ఆనించుకుంది.

ఆమె ఆ కాయితం చూసి కొట్టింది. "మళ్ళీ తప్పంది."

ఇక మిగిలింది ఒక్కటే. సిగ్గూ లజ్జా ఎటుపోయాయో పోయాయి. ఏం పొరపాటు జరిగి ఉంటుందో ఒక్కొక్కటీ తలుచుకున్నాను.

"క్యాప్స్ లాక్ లైటు వెలుగుతోందా చూడండి. వెలిగితే అన్నీ పెద్ద అక్షరాలే పడతాయి."

"వెలుగుతోంది. మామయ్యా, కాయితం రాస్తూ మోచెయ్యి ఇక్కడ ఆనించావు."

"అది ఆర్పేసి, నేను చెప్తుంటే మెల్లగా..."

"వద్దు, చెప్పకండి" అంది. "నాకు నోటికొచ్చేసింది."

మీటల చప్పుడు విన్నాను. లెక్కపెట్టాను. పదిహేను. తర్వాత ఎంటర్.

"ఏమైందండీ?"

ఫోన్ చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను.

"మేడమ్?"

"నీలం పోయింది. రీస్టార్ట్ అంటే కొట్టాను. ఇప్పుడంతా నల్లగా ఉంది." ఇప్పుడు ఆమె గొంతు చాలా చిన్నగా వినిపించింది. "ఇంకా నల్లగానే ఉంది. ఇంకా..."

నేను ముందు సీటు కడ్డీ పట్టుకున్నాను.

"ఏనుగు కనపడుతోంది" అంది. లైను కట్ అయింది.

"ఏమందీ?" అని అడిగింది పక్కనున్న పెద్దావిడ.

"ఏమీ అనలేదండీ."

"ఆ కాయితం చదివినాయన ఎవరు?"

"వాళ్ళ మేనమామండీ."

"అయ్యో నాయనా" అని ఆవిడ తన సంచీలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి, డిస్క్‌కు చుట్టుకోమని ఇచ్చింది.

ఇక బస్సు కదలదని అర్థమై దిగిపోయాను. ఆమె గొడుగు కింద డిస్క్‌ను నెత్తి మీద పట్టుకుని, నడుము దాకా తడిసి, మూడు అంతస్తులూ ఎక్కేసరికి నాలుగూ నలభై.

అద్దం తలుపు బయట సార్ నిలబడి ఉన్నారు. లోపల ఛానల్ వాళ్ళు ముగ్గురు, ఆమె. స్క్రీన్ మీద ఏనుగు లిఫ్టు తలుపులో ఇరుక్కుని, ఎక్కడా ఆగకుండా, నత్తి లేకుండా, ఒళ్ళంతా ఊపుకుంటూ గింజుకుంటోంది. ముగ్గురూ ముందుకు వంగి చూస్తున్నారు.

సార్ నన్ను పైనుంచి కిందికి చూశారు.

"నీ ఉద్యోగం సంగతి ఆలోచిస్తున్నాను."

"సరే సార్."

"టేపు అంటిస్తావా లైటుకి?"

"తప్పయింది సార్."

"ఒక్క మాట మూడు వారాల కిందట చెప్పుంటే ఏమయ్యేది? అరిచేవాణ్ణి. అంతేగా." ఆయన జేబులోంచి మడత పెట్టిన కాయితం సగం బయటికి తీసి, మళ్ళీ లోపల పెట్టేశారు. "దీని గురించి ఇంకా ఏమీ ఆలోచించలేదు."

ఛానల్ వాళ్ళు ఐదింటికి బయటికొచ్చారు. వాళ్ళలో పెద్దాయన చెప్పులేసుకుంటూ, "ఏనుగు మాకు నచ్చింది. సోమవారం కాగితాలు పంపిస్తాం" అన్నాడు. సార్ వాళ్ళని కింది దాకా సాగనంపడానికి వెళ్ళారు.

ఆమె నా వైపు చూడలేదు. "డిస్క్ తెచ్చారా?" అంది.

"తెచ్చానండీ."

"ముందు పెట్టండి."

పెట్టెలో కొత్త డిస్క్ బిగించాను. టేపు ముక్క పీకేశాను. కాపీ మొదలుపెడితే గంటా యాభై నిమిషాలు పడుతుందని చూపించింది. ఆమె కుర్చీ లాక్కుని దాని ముందే కూర్చుంది. నేను తడి బట్టలతో గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఇద్దరం అంకెలు పెరగడం చూస్తూ ఉండిపోయాం. అంత భయంకరమైన గంటా యాభై నిమిషాలు నేను ఎన్నడూ ఎరగను. ఒక్కసారి మాత్రం లేచి వెళ్ళి ఒక తువ్వాలు తెచ్చి, నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టింది.

కాపీ పూర్తయింది.

"అన్నీ సరిగ్గా వచ్చాయో లేదో కొత్తదాంట్లోంచి తెరిచి చూడాలండీ" అన్నాను.

ఆమె మౌస్ మీద చెయ్యి వేసింది. నొక్కలేదు. చూస్తే, ఆ చెయ్యి వణుకుతోంది.

"మీరు తెరవండి. నాకు భయంగా ఉంది."

"మీకా?"

"మీరు బ్యాకప్ లేదన్నప్పటినుంచీ ఇలాగే ఉంది. మొదటిసారి పాస్‌వర్డ్ తప్పింది అందుకే. క్యాప్స్ లాక్ కాదు, ఏమీ కాదు. వేళ్ళు జారిపోయాయి." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పద్నాలుగు నెలలండీ. అది పోతే నేనేం చెయ్యాలి?"

భయమంతా నా ఒక్కడి సొత్తే అనుకున్నాను ఇన్నాళ్ళూ. నా భయం నేను దాచుకుంటూ, దాని బరువు తీసుకెళ్ళి ఆమె నెత్తిన పెట్టానని అప్పుడు తెలిసింది. పక్కనే వంగి మౌస్ తీసుకుని ఒక్కొక్క ఫైలూ తెరిచాను. లిఫ్టు ఉంది. తొమ్మిదో అంతస్తు వరండా ఉంది. ఏనుగు ఉంది, చెవి వెనక ముడతలతో సహా. చిత్రమేమిటంటే, నా చెయ్యి వణకలేదు.

"అన్నీ ఉన్నాయండీ."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఇప్పుడు చెప్పండి."

"ఏంటండీ?"

"పాస్‌వర్డ్. అక్షరాలు కాదు. మాటల్లో."

పారిపోవడానికి తలుపు దగ్గర్లోనే ఉంది. పోలేదు.

"మీరంటే నాకిష్టమండీ. ఎనిమిది నెలల నుంచి. చెప్తే మీరు మాట్లాడడం మానేస్తారని భయం. డిస్క్ పోయిందని తెలిసినా అంతేనని భయం. అందుకే అదీ దాచాను, ఇదీ దాచాను. ఇది దాచినందుకు ఏమనుకున్నా సరే. అది దాచినందుకు మాత్రం క్షమించమని అడగను, అడిగే మొహం లేదు."

ఆమె చాలాసేపు పెట్టె మీద పచ్చ లైటు వైపు చూసింది.

"టేపు మీద కోపం ఇప్పట్లో తగ్గదు. నెలలు పట్టచ్చు."

"సరేనండీ."

"ఆ కోపం వేరు. ఇది వేరు." తల తిప్పి నన్ను చూసింది. "సోమవారం నుంచి రోజూ నా దగ్గరికొచ్చి, ఏది బాగుందో ఏది పాడైందో ఉన్నదున్నట్టు చెప్పాలి. భయమేసినా సరే."

"ఎన్నాళ్ళండీ?"

"జీవితాంతం అంటే కంగారు పడతారని రోజూ అన్నాను."

తలుపు దగ్గర దగ్గు వినపడింది. సార్. ఒక చేతిలో కాయితం, ఒక చేతిలో ఫోన్. ఎప్పుడొచ్చారో, ఎంత విన్నారో తెలియదు.

"అమ్మాయ్, మా అక్క లైన్లో ఉంది. ఛానల్ వాళ్ళు ఒప్పుకున్నారని చెప్పేశాను. ఇంకేమిటి విశేషాలు అంటోంది. ఏం చెప్పమంటావు?"

"నువ్వేం చెప్పకు మామయ్యా" అని ఆమె ఫోన్ అందుకుని నా చేతిలో పెట్టింది. "ఆయన చెప్తారు."

అవతల నుంచి వాళ్ళమ్మగారు, "హలో, ఎవరు మాట్లాడేది?" అన్నారు. పొద్దుటినుంచీ పడ్డ భయాలన్నీ కలిపినా ఇంత లేదు. సార్ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆమె నన్నే చూస్తోంది.

"నమస్కారమండీ" అన్నాను. "స్టూడియోలో కంప్యూటర్లు చూసేది నేనేనండీ. మీకు రెండు విషయాలు చెప్పాలి. మొదటిది వింటే మీకు కోపమొస్తుంది. ముందు అదే చెప్తాను."